వెనక సీటుకి హెల్మెట్ అక్కర్లేదా?

మా తణుకులో ఏ సాయంత్రం చూసినా బండి నడిపే ఆయన తలకి హెల్మెట్ ఉంటుంది, వెనక ఒక పక్కకి కూర్చున్న ఆవిడ తలలో పూలుంటాయి. "నెమ్మదిగానే వెళ్తాంగా" అంటాం.

పిల్లల తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం తీసి న్యూటన్ మొదటి సూత్రం చదవండి. బండి ఠక్కున ఆగినా మన ఒళ్ళు అదే వేగంతో ముందుకు పోతుంది. దాన్నే జడత్వం అంటారు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో తల దేనికైనా కొట్టుకుంటే, ఆ దెబ్బ సుమారు 6 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల డాబా మీంచి పడ్డట్టే.

జడత్వానికి ముందు సీటు, వెనక సీటు తేడా లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను కూడా ఇద్దరినీ హెల్మెట్ పెట్టుకోమనే చెబుతోంది. జడ నలిగితే మళ్ళీ వేసుకోవచ్చు. ఈ పండక్కి చీరతో పాటు, మీ తలకి సరిపోయే ఐఎస్ఐ మార్కు హెల్మెట్ కూడా అడిగి కొనిపించుకోండి.