సున్నం చెప్పే కెమిస్ట్రీ పాఠం

సంక్రాంతికి పది రోజుల ముందే ఊళ్లలో హడావుడి మొదలయ్యేది. బజారు నుంచి తెచ్చిన సున్నపు గడ్డల్ని తొట్టిలో వేసి నీళ్లు పోయగానే బుసబుసమంటూ ఆవిర్లు. పొయ్యి లేదు, మంట లేదు. అయినా నీళ్లు కుతకుతా ఉడికేవి. 'దగ్గరికి రాకండిరా' అని పెద్దలు కసురుతుంటే, పిల్లలు దూరంగా నిలబడి కళ్లప్పగించి చూసేవారు. పదో తరగతిలో బెంబేలెత్తించే 'రసాయన చర్యలు' పాఠం దాదాపు మొత్తం ఆ తొట్టి చుట్టూనే ఉందని అప్పుడు వాళ్లకు తెలియదు.

ఐసు కరిగితే నీరవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ ఐసే. రూపం మారింది కానీ పదార్థం మారలేదు. ఇది భౌతిక మార్పు. రసాయన చర్యలో అలా కాదు, కొత్త పదార్థం పుడుతుంది. అలాగని కొత్త పరమాణువులేవీ పుట్టవు. ఉన్నవే పాత జట్టు విడిచి కొత్త జట్టు కడతాయి. అంతే!

పల్నాడులోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు. అక్కడ జరిగేది మొదటి చర్య. సున్నపురాయి అంటే కాల్షియం కార్బనేట్. బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి అది రెండుగా విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోగా, పొడి సున్నం... అంటే కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. ఒకటి రెండుగా విడిపోయింది కాబట్టి ఇది వియోగం. వేడిని తీసుకుంది కాబట్టి ఉష్ణగ్రాహక చర్య.

రెండోది తొట్టిలో జరిగేది. పొడి సున్నం నీటితో కలిసి తడి సున్నంగా మారుతుంది. రెండు కలిసి ఒకటైతే సంయోగం. వేడిని బయటికి ఇచ్చింది కాబట్టి ఉష్ణమోచక చర్య. ఆ వేడి ఎంతో తెలుసా? కిలో స్వచ్ఛమైన పొడి సున్నం నుంచి వచ్చే వేడితో మూడు లీటర్ల నీళ్లు మరిగించొచ్చు!

మూడోది గోడమీద జరుగుతుంది. సున్నం వేసిన రోజు గోడ వెలవెలబోతుంది. రెండు మూడు రోజులకు తెల్లగా మెరుస్తుంది. తడి సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బనేట్ కావడమే ఆ మెరుపు రహస్యం. రాయి బట్టీకెళ్లి, తొట్టిలో మునిగి, చివరికి గోడమీద మళ్లీ రాయే అయిందన్నమాట.

ఇప్పుడు లెక్క చూద్దాం. 100 గ్రాముల సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే 56 గ్రాముల పొడి సున్నం, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆ 56కు 18 గ్రాముల నీరు కలిస్తే 74 గ్రాముల తడి సున్నం. గోడమీద అది 44 గ్రాముల వాయువును తీసుకుని, 18 గ్రాముల నీటిని వదిలేస్తుంది. మిగిలేది సరిగ్గా 100. గ్రాము ఎక్కువ కాదు, తక్కువ కాదు. పిల్లల్ని తిప్పలు పెట్టే 'సమీకరణాన్ని తుల్యం చేయుము' అనే ప్రశ్న ఈ జమాఖర్చు తప్ప మరోటి కాదు. దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు, రెండువైపులా పరమాణువుల్ని లెక్కపెడితే చాలు.

స్కాట్లాండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ సున్నపురాయిని తూకం వేసి చూసి, కాల్చినప్పుడు తగ్గే బరువంతా వాయువుదేనని 1756లో ప్రచురించారు. చర్యలో పదార్థం బరువు పెరగదు, తరగదన్న నియమాన్ని ఫ్రాన్స్‌కు చెందిన లవోయిజర్ 1789లో తన పుస్తకంలో స్పష్టంగా రాశారు.

పెళ్లింట్లో పారాణి కూడా ఇలాంటిదే. పసుపులో సున్నం కలిపితే క్షారగుణానికి ఎర్రబడుతుంది. అందులో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపే!

అయితే ఈ పాఠం మార్కులకే కాదు, కళ్లు కాపాడుకోవడానికీ కావాలి. సున్నం బలమైన క్షారం. తాంబూలంలోకి వాడే చిన్న సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కినప్పుడు చిట్లి కంట్లో పడితే చూపే పోవచ్చు. అలా జరిగితే కన్ను నలపకూడదు. 'క్షారానికి ఆమ్లం విరుగుడు కదా' అని నిమ్మరసం వంటివి అస్సలు వేయకూడదు. ఆ చర్యలోనూ వేడి పుడుతుంది, పైగా ఆమ్లమూ కంటికి హాని చేస్తుంది. వెంటనే రెప్పలు తెరిచి ధారగా మంచినీళ్లు పోస్తూ పావుగంటకు తగ్గకుండా కడగాలి. రెప్పల కింద ముక్కలేమైనా ఉంటే తడిగుడ్డతో సున్నితంగా తీసేయాలి. ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

'దగ్గరికి రాకండిరా' అన్న పెద్దల మాటలో ఇంత కెమిస్ట్రీ ఉంది. ఈసారి పిల్లలకు ఆ మాటతోపాటు కారణం కూడా చెబితే, పాఠమూ గుర్తుంటుంది, జాగ్రత్తా గుర్తుంటుంది.