మొరాండి బల్ల

ఇటలీలోని బొలోన్యా నగరం, ఫొందాత్సా వీధి. చిత్రకారుడు జోర్జో మొరాండి 1910 నుంచి 1964లో కన్నుమూసేదాకా ఉన్నది ఆ వీధిలోనే. పెళ్లి చేసుకోలేదు, తల్లితో, ముగ్గురు చెల్లెళ్లతో కలిసి ఉండేవారు. పడకగదే పనిగది. ఒంటిమనిషి మంచం, ఈజిల్, సీసాలూ కూజాలూ రేకు డబ్బాలూ నిండిన బల్లలు. జీవితమంతా ఆయన ఎక్కువగా గీసింది వాటినే. వేసవిలో గ్రిజ్జానా పల్లెకు వెళ్తే అక్కడి కొండలు, ఇళ్లు గీసేవారు.

ఇంత చిన్న ప్రపంచం చూసి, ఆయన గురించి రాసినవాళ్లలో చాలామంది ఆయన్ని సన్యాసిని చేసేశారు. పొగడ్తే కావచ్చు, కానీ ఆ పొగడ్తలో ఆయన పనితనం మరుగున పడిపోతుంది. మొరాండి జీతం మీద బతికిన మనిషి. మొదట చిన్నబడుల్లో డ్రాయింగ్ మాస్టారు, ఆ తర్వాత 1930 నుంచి 1956 దాకా బొలోన్యా లలితకళల అకాడమీలో ఎచింగ్ నేర్పిన ప్రొఫెసర్. 1948లో వెనిస్ బియెన్నాలే బహుమతి, 1957లో సావో పాలో బియెన్నాలేలో చిత్రకళకు అత్యున్నత బహుమతి వచ్చాయి. బల్ల మాత్రం మారలేదు.

ఆ బల్ల దగ్గర ఏం జరిగేదో చూడండి. సీసాలకున్న లేబుళ్లు పీకేసేవారు. గాజు తళతళలాడకుండా కొన్నిటికి రంగు పూసేవారు. పేరుకున్న దుమ్మును అలాగే ఉంచేవారు, దాని మీద పడిన వెలుగు మెత్తబడుతుందని. బల్ల మీద కాగితం పరిచి, ఏ వస్తువు ఎక్కడ నిలబడిందో దాని అడుగు చుట్టూ గీత గీసి గుర్తు పెట్టుకునేవారు. కూజాను కాస్త జరిపితే మరో గీత. గీతల మీద గీతలు పడిన ఆ కాగితాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. ఇలా సర్దడానికే రోజులు పట్టేవి. కుంచె పట్టాక పని త్వరగానే సాగేది.

రోజూ పనిచేయడమంటే రోజుకో బొమ్మ పూర్తిచేసి నలుగురికీ చూపించడం అనుకుంటున్న కాలం ఇది. మొరాండి రోజుల్లో పెద్ద భాగం చూడటానికే పోయింది. ఆయన 1950లలో వేసిన చిత్రాల ముందు నిలబడితే, ఆనుకుని ఉన్న రెండు పెట్టెల్లో ఒకటి ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో కన్ను తేల్చుకోలేదు. అంత సన్నని తేడా పట్టుబడాలంటే నిన్న అదే చోట కూర్చుని ఉండాలి, మొన్నా కూర్చుని ఉండాలి.

అలా కూర్చోవడానికి తిండికి లోటులేని ఉద్యోగం కావాలి, కొంత తీరిక కావాలి. మన సిద్దిపేటలో కాపు రాజయ్య గారు కూడా డ్రాయింగ్ మాస్టారిగా పనిచేస్తూనే బొమ్మలు వేశారు. బడిలో ఆ కొలువు పిల్లలకు ఎంత అవసరమో, ఊళ్లో ఉండి బొమ్మలు వేసుకునే మనిషికీ అంతే ఆసరా. తెలుగు రాష్ట్రాలు రెండూ ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒక డ్రాయింగ్ మాస్టారిని ఇవ్వాలని, ఆ మాస్టారికి వేరే పనులు అంటగట్టకుండా చూడాలని ఈ పత్రిక కోరుతోంది.