పిల్లవాడు కనబడకపోతే ఎస్సైగారి మొదటి పని

సినిమాల్లో డిటెక్టివ్ భూతద్దంతో ఆధారాలు వెతుకుతాడు. నిజానికి తప్పిపోయిన పిల్లల కేసులో దర్యాప్తు అధికారి మొదటి పని అంతకంటే చిన్నది. స్టేషన్‌కు ఏడుస్తూ వచ్చిన తల్లి మాట నమ్మి కేసు రాసుకోవడం.

నోయిడాలోని నిఠారీలో అదే జరగలేదు. పొట్ట చేతబట్టుకుని వలస వచ్చినవాళ్ల పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతున్నా, తల్లిదండ్రులు మొత్తుకున్నా పట్టించుకున్న నాథుడు లేడు. 2006 డిసెంబరులో ఒక ఇంటి వెనుక మురికికాలువలో ఎముకలు బయటపడ్డాయి. 2023లో అలహాబాద్ హైకోర్టు దర్యాప్తు తీరునే తప్పుబట్టి నిందితులను విడిచిపెట్టింది. 2025లో సుప్రీంకోర్టూ ఆ తీర్పులను సమర్థించింది. మరి ఆ పిల్లల్ని చంపిందెవరు? మొదట్లో కదలని పోలీసులు, తర్వాత సరిగా వెతకని పోలీసులు ఈ ప్రశ్నను అలాగే మిగిల్చారు.

పిల్లలు కనబడలేదన్న ప్రతి ఫిర్యాదుకూ ఎఫ్.ఐ.ఆర్. కట్టాలనీ, దాన్ని అపహరణగానో అక్రమ రవాణాగానో భావించే దర్యాప్తు మొదలుపెట్టాలనీ 2013 మే 10న సుప్రీంకోర్టు చెప్పింది. మన హాస్టళ్లలో ఎస్సై పరీక్షకు చదివే తమ్ముళ్లు ఈ తేదీని బిట్ కోసం మాత్రమే బట్టీ పడితే నాకు బాధే.

వేలిముద్ర వేసే నాన్నలకు ఇదంతా ఎవరు చెబుతారు? మన వీధిలో ఎవరి బిడ్డయినా కనబడకపోతే చదువుకున్న మనమే వెంట వెళ్లాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.