ఎండ ఒక్కటే కాదు మహాప్రభో!

మా ఆఫీసులో రెండు పార్టీలున్నాయి. మొదటిది సన్‌స్క్రీన్ పార్టీ. క్యాబ్ దిగి లిఫ్టు దాకా నడిచే 40 అడుగులకి కూడా ఎస్‌పీఎఫ్ 50 పూసుకోనిదే కదలరు. రెండోది 'మన తోలుకేం కాదు' పార్టీ. స్కిన్ క్యాన్సర్ తెల్లోళ్ళ జబ్బని వీళ్ళ నమ్మకం. మొన్న లంచ్‌లో ఈ రెండు పార్టీలూ వాదించుకుంటుంటే వినీ వినీ నాకు ఒళ్ళు మండింది (ఎండ తగలకుండానే!).

ఇద్దరిదీ ఒకటే తప్పు. చర్మానికి శత్రువు ఎండ ఒక్కటే అనుకోవడం.

ఎండ సంగతి ముందు తేల్చేద్దాం. అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డీఎన్‌ఏని దెబ్బతీస్తాయి, క్యాన్సర్ తెప్పిస్తాయి. అనుమానం లేదు. ఒంట్లో మెలనిన్ ఎక్కువున్నవాళ్ళకి ఆ ముప్పు బాగా తక్కువ. అదీ నిజమే. ఆస్ట్రేలియాలో 1981 నుంచీ చొక్కా తొడుక్కోండి, క్రీము రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని ప్రచారం చేస్తున్నారంటే అక్కడ అది అవసరం. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేనివాళ్ళకి ఇక్కడైనా అవసరమే. కానీ ఆ భయాన్ని దిగుమతి చేసుకుని, మన తెల్లతోలు పిచ్చితో కలిపి, 'ట్యాన్ పోగొడతాం' అని అమ్మడం మాత్రం అచ్చమైన వ్యాపారం.

మరి ఇక్కడి సంగతేంటి? పశ్చిమ బెంగాల్‌నే తీసుకోండి. 1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో డాక్టర్ కె.సి. సాహా ఒంటినిండా మచ్చలతో, గరుకెక్కిన అరచేతులతో వచ్చిన పల్లెటూరి రోగుల్ని చూశారు. కారణం ఎండ కాదు, బోరు నీళ్ళు. అందులో ఆర్సెనిక్. చెరువు నీళ్ళతో రోగాలొస్తున్నాయని వేసిన బోర్లే విషం పోశాయన్నమాట. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మరగబెడితే పోదు సరికదా, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకి 10 మైక్రోగ్రాములు మించకూడదంటుంది డబ్ల్యూహెచ్‌ఓ. అంతకన్నా చాలా ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే చర్మ క్యాన్సర్ వస్తుంది, అదీ ఎండ తగలని చోట్ల కూడా. ఎస్‌పీఎఫ్ ఎంతుంటే ఆగుతుందండీ ఇది?

కాశ్మీర్‌లో చలికి ఫెరన్ లోపల కాంగ్రీ అనే నిప్పుల కుంపటి పెట్టుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ వేడి తగిలిన తొడల మీదా పొట్ట మీదా క్యాన్సర్ వస్తుందని 19వ శతాబ్దంలోనే డాక్టర్లు రాసిపెట్టారు. అక్కడా ఎండ ఊసే లేదు.

అంత దూరం ఎందుకు, మా ఇంట్లోనే జరిగింది. మా పెదనాన్నకి చిన్నప్పుడు వేడి గంజి పడి పిక్క కాలింది. 40 ఏళ్ళ తర్వాత ఆ మచ్చ మీద పుండు లేచింది. ఏడాదిన్నర పాటు ఆయింట్‌మెంట్లు, ఇంజెక్షన్లు. చూసిన డాక్టరు 'షుగర్ పుండు, మెల్లగా మానుతుంది' అన్నాడు. చివరికి ఇంకోచోట ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సర్. మోకాలి కింద కాలు తీసేశారు. కాలిన పాత మచ్చల్లో క్యాన్సర్ రావచ్చన్నది కొత్త సంగతేం కాదు, మార్జొలిన్ అల్సర్ అని వైద్య పుస్తకాల్లో పేరుతో సహా ఉంది. 'మన తోలుకేం కాదు' పార్టీలో ఆ డాక్టరు కూడా మెంబరే. నా మంటంతా అక్కడే.

బగ్ ఒక మాడ్యూల్లో ఉంటే ఇంకో మాడ్యూల్ లాగ్స్ చూస్తూ కూర్చోవడం అంటే ఇదే. బంగ్లాదేశ్‌లో లక్షల బోర్లు పరీక్షించి, విషమున్నవాటికి ఎరుపు, లేనివాటికి ఆకుపచ్చ రంగు పూశారు. సమస్య అంతటితో తీరిపోలేదు, కానీ కనీసం సరైన చోట వెతికారు.

కాబట్టి బాబూ, క్రీము రాసుకుంటే రాసుకోండి, మానేస్తే మానేయండి. నెల దాటినా మానని పుండు, పాత మచ్చ మీద కొత్త గడ్డ, అరికాల్లో పెరుగుతున్న నల్లమచ్చ మాత్రం ఇంట్లో ఎవరికి కనిపించినా 'ముక్క పరీక్ష చేస్తారా?' అని నోరు తెరిచి అడగండి. మా పెదనాన్న కోసం ఆ ఒక్క ప్రశ్న మేమెవరం అడగలేదు.