ఆరు ఫ్యాన్లున్నా గాలి ఆడకపోతే ఏం లాభం?

గేమింగ్ పీసీ బిల్డ్ చేసేటప్పుడు మనవాళ్లు గ్రాఫిక్స్ కార్డు కోసం నెలల తరబడి రివ్యూలు చూస్తారు. క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ముందు గ్లాస్, లోపల రంగుల లైట్లు కనిపిస్తే చాలు, బిల్లు వేయించేస్తారు. నా దృష్టిలో మొత్తం బిల్డ్‌లో ఇంతకంటే దండగ ఖర్చు లేదు.

ఫ్యాన్ అంటే ఏసీ కాదు. గదిలో ఉన్న గాలినే లోపలికి తోస్తుంది, అంతే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది 38 డిగ్రీలుంటే, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ప్రాసెసర్ అంతకంటే చల్లబడదు. 21 డిగ్రీల గదిలో చేసిన రివ్యూలో కార్డు 68 చూపిస్తే, మన ఇంట్లో అదే కార్డు 85 దగ్గర తిరుగుతుంది. వేడి ఇంకా పెరిగితే క్లాక్ స్పీడ్ తనంతట తనే తగ్గించుకుంటుంది, ఫ్రేమ్స్ పడిపోతాయి. అంటే డబ్బు కట్టింది పెద్ద కార్డుకి, ఆడుతున్నది చిన్న కార్డు మీద. అందుకే మెష్ ఫ్రంట్ మనకి సోకు కాదు, అవసరం.

ముందంతా గాజు పలక ఉంటే ఫ్యాన్లు పక్క సందుల్లోంచే గాలి పీల్చుకోవాలి. దాని వెనక ఇంకో మూడు బిగిస్తే పెరిగేది ఎక్కువగా చప్పుడే. ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ హెచ్510 ఎంత అమ్ముడైనా, మూసిన ముందు భాగం మీద విమర్శలు ఆగలేదు. చివరికి 2021లో ఆ కంపెనీయే మెష్ పెట్టి హెచ్510 ఫ్లో తెచ్చింది. (పక్క నుంచి, కింద నుంచి గాలి తీసుకునే ‘ఫిష్ ట్యాంక్’ మోడళ్ల సంగతి వేరు. అక్కడ దారి ఇంకోచోట ఉంది.)

చాలామందికి మూడు ఫ్యాన్లు చాలు: ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికొచ్చే గాలి కాస్త ఎక్కువుంటే దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. లేదంటే ప్రతి సందులోంచీ దూరుతుంది. ఫ్యాన్ ఎటు తిప్పి పెట్టాలో తెలియకపోతే, అడ్డంగా ప్లాస్టిక్ పుల్లలున్న వైపు నుంచి గాలి బయటికొస్తుందని గుర్తుపెట్టుకోండి. ఇంకా అనుమానముంటే దగ్గర్లో ఒక అగరుబత్తి పట్టుకుని చూడండి, పొగే చెప్పేస్తుంది.

ఇక ఆ కంప్యూటర్ టేబుళ్లు! ‘సీపీయూ’ కోసమని తలుపుతో సహా చెక్క గూడు చేసి ఇస్తారు. వెనక నుంచి వదిలిన వేడి గాలినే మళ్లీ ముందు నుంచి పీల్చుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ముందు పీసీని అందులోంచి బయటికి తీయండి.

కొత్త ఫ్యాన్లు కొనేముందు ఈ పని చేయండి. అరగంట గేమ్ ఆడి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో టెంపరేచర్ చూడండి. తర్వాత సైడ్ ప్యానెల్ తీసేసి మళ్లీ అరగంట ఆడండి. 8, 10 డిగ్రీలు తగ్గిందా, క్యాబినెట్టే ఊపిరాడనివ్వడం లేదు. ఒకటి రెండు డిగ్రీలే తేడా అయితే దాన్ని వదిలేసి, కూలర్ రెక్కల్లో దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ చూసుకోండి. టెస్ట్ అయ్యాక ప్యానెల్ మాత్రం మళ్లీ బిగించేయండి. మన ఇళ్లలో బల్లులకి వెచ్చటి చోటు దొరికితే చాలు.