అద్దంలో అక్క

ఆవకాయ కొలతలు రాసిన వారం చాలా ఉత్తరాలొచ్చాయి. వాటి మధ్య ఒకటి మాత్రం వేరే సంగతి. ఆ సోదరికి కవల ఆడపిల్లలు పుట్టారట. "ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఉన్నారండీ, ఎలా పెంచమంటారు?" అని అడిగారు. నేనూ కవలనే. నాకంటే ఏడు నిమిషాలు ముందు పుట్టిన మా అక్క 2019 ఆషాఢంలో పోయింది. అందుకని ఈ వారం వంటలు పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

అమ్మ జంట అరటిపండు తిన్నదనీ, అందుకే మేం కవలలం పుట్టామనీ మా నాయనమ్మ పోయేదాకా అంటూనే ఉండేది. ఆ పండు ఎప్పుడు తిన్నదో అమ్మకే గుర్తు లేదు పాపం! అసలు సంగతేమిటంటే, ఒకే అండం కడుపులో రెండుగా విడిపోతే మాలాంటివాళ్ళు పుడతారు. రెండు అండాలైతే మామూలు తోబుట్టువుల్లాగే ఉంటారు. ఒకే అండం వాళ్ళకైనా వేలిముద్రలు వేరువేరే.

మాది కర్నూలు. 1887లో మా ఊళ్ళోనే పుట్టిన ఆర్కాటు కవలల గురించి తాతయ్య తెగ చెప్పేవాడు. అన్న రామస్వామి మొదలియారు లాయరై తరవాత మైసూరు దివానుగా చేశారు. తమ్ముడు లక్ష్మణస్వామి మొదలియారు కాన్పుల డాక్టరు, మద్రాసు యూనివర్సిటీకి 27 ఏళ్ళు వైస్ ఛాన్సలరు. ముఖం ఒకటే గానీ ఎవరి దారి వారిదే. 1974లో తమ్ముడు పోయారు. అన్నగారు ఇంకో రెండేళ్ళు బతికారు. గడ్డం గీసుకోడానికి అద్దం ముందు కూచున్నప్పుడల్లా ఆయనకేమనిపించేదో అని ఇప్పుడనుకుంటూ ఉంటాను.

చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకే తానులోంచి గౌన్లు కుట్టించేవారు. అమ్మ గుర్తు కోసం అక్కకి ఎర్ర రిబ్బను, నాకు నల్ల రిబ్బను కట్టేది. బళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, "కవలలూ, ఇటు రండి" అనడమే. నిజానికి మా ఇద్దరికీ దేంట్లోనూ పొత్తు కుదిరేది కాదు. ఉగ్గాని చేస్తే నాకు పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి, అక్క బజ్జీ ముట్టేది కాదు. తను లెక్కల్లో దిట్ట, కోపం ముక్కు మీదే. నేను నిదానం. అది ఇంట్లోవాళ్ళకి తెలుసు, ఊరివాళ్ళకేం తెలుస్తుంది?

అక్కకి రొమ్ము క్యాన్సర్. గడ్డ తెలిసేసరికే ఆలస్యమైంది. అచ్చుగుద్దిన కవలల్లో ఒకరికి ఈ జబ్బొస్తే రెండోవారికి మిగతా ఆడవాళ్ళకంటే ప్రమాదం ఎక్కువట. వచ్చి తీరుతుందని కాదు, కానీ జాగ్రత్త పడాలి. నేను ప్రతి ఏడూ మామోగ్రామ్ తీయించుకుంటున్నాను. ఆ రిపోర్టు వచ్చేదాకా అన్నం సయించదు. ఒకే శరీరం కావడంలో మేలూ లేకపోలేదు. 1954లో అమెరికాలో బోస్టన్ నగరంలో మొదటిసారి కిడ్నీ మార్పిడి ఫలించింది కవల అన్నదమ్ముల మధ్యే. కిడ్నీ అందుకున్నాయన ఇంకో ఎనిమిదేళ్ళు బతికాడు. మా అక్కకి నేనిచ్చి బతికించుకోగలిగిందేమీ లేకపోయింది.

పదకొండో రోజున చుట్టాలంతా నన్ను చూసి ఏడ్చారు. ఒక పెద్దావిడ నా చెంపలు నిమిరి, "నువ్వున్నావు కదే తల్లీ, అది ఎక్కడికీ పోలేదు" అన్నది. ఓదార్పుకే అన్నదిలెండి. అయినా నాకు కడుపు రగిలిపోయింది. పోయింది మా అక్క. నేను తన బదులు మనిషిని కాదు.

అక్క కూతురికి అప్పుడు 11 ఏళ్ళు. కొన్ని నెలలు నా ముఖంలోకి చూసేది కాదు, గోడ వైపు చూస్తూ మాట్లాడేది. ఒకరోజు వాళ్ళమ్మ గద్వాల చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "పిన్నీ, ఒక్కసారి కట్టుకోవా" అన్నది. ఆ చీరలో నేను ఎలా కనిపిస్తానో నాకు తెలుసు. కట్టుకోలేదు. "ఇది నీదే బంగారూ, నువ్వు పెద్దయ్యాక నేనే కట్టిస్తాను" అని దాన్ని పక్కన కూచోబెట్టుకుని, వాళ్ళమ్మ బజ్జీల్లేని ఉగ్గాని దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. బాగా పొద్దుపోయేదాకా విన్నది. ఇప్పటికీ నేను జడ వేసుకుని అటు తిరిగి నిలబడితే ఉలిక్కిపడుతుంది. అందుకే ముడి వేసుకుంటున్నాను.

కిందటేడు కాలేజీలో చేరేముందు, అమ్మ చిన్నప్పటి ఫోటో ఒకటి కావాలని అడిగింది. పెట్టెలన్నీ వెతికాను. అక్క ఒక్కతే ఉన్నది ఒక్కటీ దొరకలేదు, అన్నిట్లోనూ ఇద్దరమే. స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు ఫోటో ఒకటి చూపించి "ఇందులో అమ్మ ఎవరు పిన్నీ?" అన్నది. రిబ్బను రంగు తెలిస్తే కదా! ఎంతసేపు చూసినా నాకే తెలియలేదు.

కాబట్టి సోదరీ, ఒకే రకం గౌన్లు వేస్తే వేయండి, ముచ్చట తీర్చుకోండి. కానీ ఎవరి పేరుతో వాళ్ళని పిలవండి. ఫోటోలు విడివిడిగా కూడా తీయించండి. ఇద్దరూ కలిసి ఉన్నవాటి వెనకాల, ఎడమ పక్క ఎవరో కుడి పక్క ఎవరో ఆ రోజే రాసి పెట్టుకోండి. పెన్సిలుతో వద్దు, చెరిగిపోతుంది.