తెర ముందు ఒంటరి చదువు

నకరికల్లు నుంచి ఒక తల్లి వ్రాశారు. డిగ్రీ చదువుతున్న వారమ్మాయి ‘స్వయం’లో పన్నెండు వారాల ఆన్‌లైన్ కోర్సులో చేరిందట. మూడు వారాలు శ్రద్ధగా విన్నది. ఆ తరువాత ఫోనులో ఎవరెవరితోనో ఒకటే మాటలు. “వాళ్ళలో మగపిల్లలు కూడా ఉన్నారు. పాఠం వినక ఈ ముచ్చట్లేమిటని ఫోను లాక్కున్నాను. ఇప్పుడసలు కోర్సే మానేస్తానంటున్నది. నాది తప్పంటారా?”

కోపగించుకోకండి, కొంత తప్పే. ఆ ‘ఎవరెవరో’ ఎవరని అమ్మాయిని అడిగారా? అదే కోర్సు చదివేవాళ్ళయి ఉండవచ్చును. మగపిల్లలంటారా, కాలేజీలో మాత్రం లేరూ!

మన చదువుల రోజులు తలచుకోండి. పక్క బల్ల మీది పిల్ల “నాకూ అర్థం కాలేదే” అంటే ఎంత ధైర్యంగా ఉండేది! తెర ముందు ఒంటరిగా కూర్చున్న పిల్లకు ఆ మాట చెప్పేవారుండరు. అర్థం కానిదల్లా తన తెలివితక్కువే ననుకుంటుంది.

ఇది పెద్దలు ఎరగని సంగతి కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే వెలసింది. ఇప్పుడది అంబేద్కర్ పేరున హైదరాబాదులో ఉన్నది. వాళ్ళు పాఠ్యపుస్తకాలిచ్చి ఊరుకోలేదు. అధ్యయన కేంద్రాలు పెట్టి, విద్యార్థులను ఒకచోట కూర్చోబెట్టి తరగతులు కూడా నడిపారు. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘స్వయం’లోనూ కోర్సుకు నాలుగు అంగాలు: వీడియో పాఠం, చదువుకునే పాఠం, తన్ను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, నాలుగవది చర్చ. అంటే మీరు వద్దన్నది చదువులో ఒక పాలు!

అలాగని కళ్ళు మూసుకోమనను. ముక్కూ మొహం తెలియనివారికి ఫొటోలు, ఇంటి చిరునామా, బ్యాంకు వివరాలు ఇవ్వకూడదని నెమ్మదిగా చెప్పండి. ఆ కోర్సు తమ కాలేజీలో ఇంకెవరైనా తీసుకున్నారేమో లెక్చరర్లను అడగమనండి. ఎన్.పి.టి.ఇ.ఎల్. వారి కోర్సయితే చాలా కాలేజీల్లో దానికి స్థానిక విభాగం, చూసుకునే అధ్యాపకులు ఉంటారు. ఒక్క స్నేహితురాలు దొరికినా చాలు, ఆదివారం మీ ఇంటికే పిలవండి. ఇద్దరూ కలిసి వింటారు. సర్టిఫికెట్టు కావాలంటే చివరి పరీక్షకు కేంద్రానికి వెళ్ళాలి గదా, ఆనాడు బస్సులో తోడూ ఉంటుంది.

ఫోను మాత్రం ఈ సాయంత్రమే ఇచ్చేయండి. ఏ వారం ప్రశ్నలకు ఆ వారం గడువుంటుంది. దాటితే ఆ మార్కులు పోయినట్లే.